మీ పాపకీ హాయూన్ అనే పెట్టండి

దేశంలో ఆడపిల్లలందరికీ ఒకే పేరుండాలి. అప్పుడే మనం బాగుపడతాం.

నవ్వకండి, నేను ఆలోచించే రాస్తున్నాను. ఈమధ్య ఎవర్ని కదిపినా ఒకటే గోల. ఏ పసిదాన్ని పలకరించినా హాయూనేనట. కిండర్‌గార్టెన్ నిండా హాయూన్‌లేనట. ఈ తల్లిదండ్రులకి ఇంకో పేరే దొరకలేదా అట. దొరకలేదు! దొరక్కపోవడమే మన అదృష్టం. ఎలాగో చెబుతాను, ఓపిక పట్టండి.

డేగు నగరంలో మేముండే అపార్ట్‌మెంట్ల మధ్య పిల్లల ఆటస్థలం ఒకటి ఉంది. సాయంత్రం అక్కడ నిలబడి "హాయూన్" అని పిలిచి చూడండి. జారుడుబల్ల మీద నుంచి ఒకతె, ఇసుకలోంచి ఇద్దరు, తైక్వాండో క్లాసు వ్యాన్ దిగుతూ మరొకతె తల తిప్పుతారు. ఒక్క పిలుపుకి ఇంత మంది! గొంతుకి ఎంత ఆదా!

నాలాంటి మతిమరుపు మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? లిఫ్టులో ఏ చిన్నపిల్ల ఎదురైనా "ఏం హాయూన్, బడి నుంచేనా?" అంటాను. చాలాసార్లు తగులుతుంది. తగలనప్పుడు ఆ పిల్ల "నేను హారిన్‌ని తాతయ్యా" అంటుంది. సగం పేరు సరిపోయింది కదా అని ఇద్దరం సరిపెట్టుకుంటాం.

కిండర్‌గార్టెన్ టీచరమ్మకీ ఇబ్బందేమీ లేదు. పెద్ద హాయూన్, చిన్న హాయూన్, కళ్ళజోడు హాయూన్, ఏడుపు హాయూన్. ఏడుపు హాయూన్ ఏడుపు మానేసి చాలా కాలమైంది, అయినా ఆ బిరుదు పోలేదు. వానాకాలంలో గొడుగులు మారిపోయాయన్న గొడవే లేదు. అన్నిటి మీదా హాయూన్ అనే రాసుంటుంది కనుక ఏది పట్టుకెళ్ళినా సొంతమే. మహా మహా సిద్ధాంతాలు తేలేని సమానత్వాన్ని గొడుగుల స్టాండులోకి తెచ్చేశాం!

మరి అర్థం మాటేమిటంటారా?

అదే మాట బెంచీ మీద కూర్చున్న ఒక తల్లిని అడిగాను. "వేసవి, మెరుపు" అంది. పక్కావిడ "మా దానికి నది, నిజాయితీ" అంది. మూడో ఆవిడ "మాది తామర, ఎండ" అంది. ముగ్గురూ కరెక్టే. ఇప్పుడు ముందు శబ్దం నచ్చాలి. తర్వాత పేర్లు పెట్టే సిద్ధాంతి దగ్గరికెళ్ళి ఆ శబ్దానికి సరిపడే చీనా అక్షరాలు, వాటితోపాటు ఒక అర్థం ఏరించుకోవాలి. చెప్పులు ముందు కొనేసి, వాటికి సరిపోయే కాళ్ళు వెతుక్కున్నట్టన్నమాట.

మా అమ్మ కాలంలో ఈ వెతుకులాట లేదు. అర్థం ముందే సిద్ధంగా ఉండేది. శబ్దం ఎలా ఉంటే ఎవరిక్కావాలి?

మా అమ్మ పేరు మల్‌సున్. మల్ అంటే చివరిది. సున్ అంటే అణకువ. అమ్మ నాలుగో ఆడపిల్ల. మా తాత ఆ పేరుతో కాన్పుల దేవత శంషిన్ అవ్వకి అర్జీ పెట్టుకున్నాడు. 'ఆడపిల్లల్లో ఇదే చివరిది. ఇక చాలు తల్లీ. ఈసారి మర్యాదగా మగపిల్లాణ్ణి పంపించు' అని. అంటే ఆ పేరు బిడ్డకి పెట్టింది కాదు. వెనక రాబోయేవాడి కోసం పాతిన దారి బోర్డు.

బోర్డు పనిచేసింది. అమ్మ తర్వాత మా మావయ్య యోంగ్‌తక్ దిగాడు.

అప్పట్లో సందుకొక మల్‌సున్ ఉండేది. తర్వాత ఆ పేరు పల్లెటూరి వాసనేస్తోందన్నారు. జుట్టు కత్తిరింపుల్లాగే పేర్లూ మారిపోయాయి. మా ఆవిడ ఈడు వాళ్ళకి ఒక రకం, వాళ్ళ తర్వాత వాళ్ళకి ఇంకో రకం, ఇప్పుడు హాయూన్. ఈరోజు ఎక్కడైనా ఉయ్యాల్లో మల్‌సున్ అనే పసిపిల్ల ఉంటే నాకు చూపించండి, పెట్టెడు డేగు ఆపిల్స్ పంపిస్తాను.

ఇక అసలు కథకి వస్తాను. ఎందుకంటే నేను ఊరికే సిద్ధాంతాలు చెప్పే మనిషిని కాను. ఈ విషయంలో ఒక మనిషిని వెంటాడాను కూడా.

పోయిన వసంతంలో మా అమ్మ మాయమవడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఊదారంగు టోపీ పెట్టుకుని బయటికెళ్ళేది, మధ్యాహ్నం వచ్చేది. ఎక్కడికెళ్ళావంటే "గాలికి" అనేది. డెబ్బై దాటిన మనిషి అంత గాలి ఏం చేసుకుంటుంది?

మావయ్యకి వెంటనే అర్థమైపోయింది. "ముసలివాళ్ళని పోగేసి, టాయిలెట్ పేపర్ ఫ్రీగా ఇచ్చి, ఒళ్ళు నొప్పులు పోతాయని జేడు రాళ్ళ పరుపులు అంటగడతారు చూడు, ఆ ముఠా చేతుల్లో పడింది మా అక్క. నువ్వు వెళ్ళి పట్టుకురా" అని ఫోన్లో ఆర్డరేశాడు.

మర్నాడు టోపీ కళ్ళ మీదకి లాక్కుని అమ్మ ఎక్కిన బస్సే ఎక్కాను. అమ్మ ముందు సీట్లో. నేను చివర. బజారు దాటింది, అమ్మ దిగలేదు. ఆసుపత్రి దాటింది, దిగలేదు. కోర్టు స్టాపులో దిగింది.

కోర్టు! ఎవరి మీద కేసు? ఆస్తి పంపకాలా? నాన్న పోయి చాలా ఏళ్ళైంది కనుక విడాకులు కావు. మెట్ల వెనక నక్కి చూశాను. అమ్మ లోపలికెళ్ళింది, కాసేపటికి వచ్చింది, మిషన్ దగ్గర రెండు కాగితం కప్పుల్లో కాఫీ పట్టుకుంది. నేరుగా నేను దాక్కున్న చోటికొచ్చి ఒక కప్పు నా చేతిలో పెట్టింది.

"బస్సులోనే చూశాన్రా. టోపీ లాక్కుంటే మీ నాన్న నడక దాక్కుంటుందా?"

"కోర్టులో నీకేం పనమ్మా?"

"పేరు మార్చుకుంటున్నా."

"ఇప్పుడా? ఏం పేరు?"

అమ్మ కాఫీ ఊదుకుంది. ఒక గుక్క తాగింది. "హాయూన్" అంది.

నేను ఊదకుండానే తాగేశాను.

నా నాలుక కాలడానికి కారణం కాఫీ ఒక్కటే కాదు. మా ఇంట్లో ఆ పేరు అప్పటికే రిజర్వ్ అయిపోయింది! మా కోడలు బోరం నిండు గర్భిణి. కడుపులో ఉన్నంతవరకూ బిడ్డని ముద్దుగా కోంగీ, అంటే చిక్కుడుగింజ అని పిలుచుకుంటున్నాం. ఆడపిల్లేనని డాక్టరు చెప్పేశాడు కనుక బయటికొచ్చాక మాత్రం హాయూన్. సిద్ధాంతి అక్షరాలు కూడా ఇచ్చేశాడు. బోరం ఆ పేరుని చిన్న దుప్పటి అంచున పసుపు దారంతో స్వయంగా కుట్టుకుంది.

ఒకే పేరు ఇద్దరికీ ఉంటే వచ్చిన నష్టమేమిటి, ఇంతసేపూ నువ్వు చెప్పింది అదేగా అంటారేమో. ఊరంతా ఒకే పేరుంటే పండగ. ఇంట్లో ఉంటే అపచారం! మాలో పెద్దల పేరు పిల్లలకి పెట్టడమంటే పెద్దల నెత్తిన కాలు పెట్టడమే. అసలు ఆ పేరు నోట అనడమే తప్పు. మీ నాన్నగారి పేరేమిటని ఎవరైనా అడిగితే ఒక్కో అక్షరాన్నీ విడదీసి, గాజు సామాను దింపుతున్నట్టు నెమ్మదిగా చెబుతాం. అలాంటిది పసిదాన్ని ముత్తవ్వ పేరుతో "హాయూన్, మూతి తుడుచుకో" అనగలమా?

కోర్టు ఒప్పుకుందంటే పాపకి ఆ పేరు లేనట్టే. పాప ముందే పుట్టి ఆ పేరు ఎక్కించేస్తే అమ్మ వెనక్కి తగ్గాలి. ఒకవైపు కోర్టు, ఇంకోవైపు కోంగీ. ఎవరు ముందొస్తే వాళ్ళదే పేరు!

ఆదివారం ఇంట్లో సభ జరిగింది. మా ఆవిడ, అదే డోగ్యోం అమ్మ, చేత్తో తరిగిన నూడుల్స్ వండింది. డోగ్యోం అంటే మా అబ్బాయి, బోరం మొగుడు. వాడు గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడిందంతా మావయ్యే.

"అక్కా, నీ పేరు నీ ఒక్కదాని సొత్తా? ఆ పేరు పెట్టబట్టే నేను పుట్టాను. ఇప్పుడు తీసి అవతల పారేస్తే నేనేం కావాలి?"

"వచ్చినవాడివి వచ్చేశావు కదరా. తిరిగి పొమ్మని ఎవరన్నారు. నూడుల్స్ నానిపోతున్నాయి, తిను."

"ఈ వయసులో పాలపీక పేరేంటే? నలుగురూ నవ్వరూ?"

"నన్ను చూసి ఎవరైనా నవ్వి చాలా కాలమైంది. నవ్వనీ."

బోరం పొట్ట మీద చెయ్యేసుకుని మెల్లగా అంది. "నాయనమ్మగారూ, పెద్దవాళ్ళకి నప్పే పేర్లు కూడా సిద్ధాంతిగారు చెప్పారండీ. సుహ్యోన్ చాలా హుందాగా ఉంటుంది. జోంగ్వన్ కూడా బావుంది."

"బావున్నాయమ్మా. మీ మామగారికి పెట్టించు."

"ఎందుకో చెప్పొచ్చు కదే, ఆ పేరే ఎందుకో" అన్నాడు మావయ్య.

అమ్మ గిన్నెలు తీసి సింకులో వేసింది.

సభ నన్ను రాయబారిగా నియమించింది. కోర్టు నిర్ణయం వచ్చేలోపు అమ్మ చేత అర్జీ వెనక్కి తీయించాలి. బిడ్డ పేరు కాపాడే బాధ్యత నా మీద పడింది. ఇలాంటి పనులకి మగవాళ్ళనే ఎందుకు ఎన్నుకుంటారంటే, ఓడిపోయినా పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోరు కనుక.

సాయంత్రమైతే అమ్మ ఆటస్థలం బెంచీ మీద ఉంటుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. వాదన అంతా ముందే సిద్ధం చేసుకున్నాను.

"అమ్మా, ఇంకా పుట్టని పసిదాని నోటి దగ్గర పేరు లాక్కోవడం న్యాయమా?"

అమ్మ పిల్లల వైపే చూస్తోంది. "నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరున్నార్రా? ఒక్కరిని చెప్పు."

అమ్మే వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టింది.

"మీ నాన్న ఇదిగో అనేవాడు. మా అత్తగారు మా పుట్టింటి ఊరు పట్టుకుని చొంగ్‌డో పిల్లా అనేది. వీధిలో నీ పేరు పట్టుకుని ఊషిక్ వాళ్ళమ్మని. యోంగ్‌తక్ అక్కా అంటాడు. పేరు పెట్టి పిలిచే హక్కున్న మా అక్కలు ముగ్గురూ వెళ్ళిపోయారు. రేపు నేనూ పోయాక, తద్దినం నాడు పళ్ళ వెనక నిలబెట్టే కాగితం మీద ఏం రాస్తావు?"

"కింహే కిమ్ వంశం వారి ఆడపడుచు అని."

"చూశావా. చచ్చినా రాయరు." నా వైపు తిరిగి, "నీ భార్య పేరేంట్రా?" అంది.

చెప్పాను. కాస్త ఆలోచించి చెప్పాను.

నేను మాట మార్చాను. "చిన్నప్పుడు మల్‌సున్ అని పిలిచేవాళ్ళు కదమ్మా. అదేం తక్కువ పేరు? తాత పెట్టింది."

"ఎందుకు పిలవలేదు, బోలెడుసార్లు పిలిచారు. మల్‌సున్, నీళ్ళు తే. మల్‌సున్, పొయ్యి ఆరిపోతోంది. మల్‌సున్, తమ్ముణ్ణి ఎత్తుకో. అన్నానికి మాత్రం యోంగ్‌తక్‌నే పిలిచేవాళ్ళు. వాణ్ణి చంకనేసుకుని నేనూ వెళ్ళేదాన్ని."

అప్పుడే మూడో అంతస్తు బాల్కనీలోంచి ఒకావిడ వంగి పిలిచింది.

"హాయూన్, అన్నానికి రా. చల్లారిపోతోంది."

జారుడుబల్ల మీద ఒక తల తిరిగింది. ఇసుకలో రెండు తిరిగాయి. ఊయల మీదది కాళ్ళు నేలకి ఆనించి ఆగింది. నా పక్కన అమ్మ, వంగిన నడుము కొంచెం ఎత్తి, ఆ బాల్కనీ వైపు చూసింది.

"విన్నావా?" అంది. "రోజూ పిలుస్తారు. ఒకరు కాకపోతే ఒకరు. నీళ్ళు తెమ్మని ఒక్కరూ పిలవరు."

జారుడుబల్ల మీది పిల్ల దిగి ఇంటికి పరిగెత్తింది.

"ఈ వయసులో కొత్త పేరు పెట్టుకుంటే పనిగట్టుకుని పిలిచేవాళ్ళు ఎవరుంటారు? అందుకే ఊరంతా ముందే పిలుస్తున్న పేరు చూసుకున్నా" అంది అమ్మ.

వెనక నుంచి ఎవరో ముక్కు ఎగబీల్చారు. బోరం! మమ్మల్ని భోజనానికి పిలవడానికి వచ్చి ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు.

"నాయనమ్మగారూ, ఆ పేరు మీరే ఉంచుకోండి. దుప్పటి మీద కుట్టు విప్పేస్తాను. కోంగీకి ఇంకోటి చూస్తాం."

"విప్పొద్దు" అంది అమ్మ. "దానికీ అదే పెట్టు."

"తప్పు కదండీ, పెద్దవాళ్ళ పేరు..."

"పెద్దదాన్ని నేనే చెబుతున్నా కదా. తప్పైతే నా ఖాతాలో వేయి."

"అలా పెడితే దాన్ని పిలిచినప్పుడల్లా మీ పేరు అన్నట్టవుతుంది."

"అవుతుంది కదా" అంది అమ్మ, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేస్తూ. "పద, అన్నం చల్లారిపోతుంది."

బోరం అక్కడే ఆగి ఆలోచిస్తూ ఉండిపోయింది. నేను మా కోడల్ని తెలివైనదని అప్పటిదాకా అనుకోలేదు. అందంగా కుట్లు వేస్తుందని మాత్రమే అనుకున్నాను.

పందెంలో కోర్టే ముందొచ్చింది. ఆ వెనకే కోంగీ వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరు హాయూన్‌లు. అమ్మ పేరుకి అర్థమేమిటో మీకు చెప్పాలి. సిద్ధాంతి వద్దకెళ్ళి ఏ అక్షరాలు కావాలంటే "ఏవైనా ఫరవాలేదు, చివరిది అనే అర్థం మాత్రం వద్దు" అందట. ఆయన వేసవి, మెరుపు ఇచ్చాడు. పాపది తామర, ఎండ. గొడుగుల స్టాండులో ఇబ్బంది లేదు.

మావయ్య మాత్రం ఇక మా గడప తొక్కనన్నాడు. పెద్దల పేరుతో పసిదాన్ని పిలిచే కొంపలో నీళ్ళు కూడా ముట్టనన్నాడు. పాప నూరో రోజు పండగకి ఆవిరి మీద ఉడికించిన తెల్ల బియ్యపు కేకు పట్టుకుని అందరికంటే ముందొచ్చాడు. ఆ కేకు ఎంతమంది పంచుకుంటే బిడ్డకి అంత ఆయుష్షు కనుక వచ్చానట. నా మీద అభిమానంతో కాదట.

పాఠక మహాశయులారా, ఇప్పుడైనా ఒకే పేరు గొప్పతనం మీకు బోధపడిందనుకుంటాను. నా భయమల్లా ఫ్యాషన్ గురించే. వచ్చే ఏడు ఇంకేదో పేరు రాబోతోందని ఆ సిద్ధాంతి అప్పుడే గోడ మీద బోర్డు మార్చేశాడు. దయచేసి తొందరపడకండి. మీ ఇంట్లో ఆడపిల్ల పుడితే కళ్ళు మూసుకుని హాయూన్ అనే పెట్టండి. పక్కింటివాళ్ళ పేరే అని సిగ్గుపడకండి. సాయంత్రం బాల్కనీలోకొచ్చి గట్టిగా పిలవండి. లోపల ఫోన్లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి. ఆ బెంచీ మీద ఎవరెవరు కూర్చుని ఉంటారో మీకేం తెలుసు?

లేదు, మా పాపకి ఎవరికీ లేని పేరే కావాలంటారా? సరే, మీ ఇష్టం. మీ అమ్మగారిని ఆవిడ పేరుతో ఆఖరుసారి అన్నానికి పిలిచిందెవరో కనుక్కుని, అప్పుడు నాకు జవాబు రాయండి.

నూరో రోజు పండగ సంగతి పూర్తి చేయలేదు కదూ. కొడుకూ కోడలూ మా పై అంతస్తులోనే ఉంటారు, భోజనం మాత్రం మా ఇంట్లో. పాప మా అమ్మ గదిలో పడుకుని ఉంది. అమ్మ దాని పక్కన ఉంది. వంటింట్లో సముద్రపు నాచు సూపు మరుగుతోంది. బోరం బల్ల మీద గిన్నెలు సర్ది, ఆ గది తలుపు వైపు తిరిగి పిలిచింది.

"హాయూన్, అన్నానికి రా. చల్లారిపోతోంది."

మావయ్య చెంచా కింద పెట్టాడు. "ఏమ్మా, నూరు రోజుల పసిదానికి పళ్ళెక్కడివి, అన్నానికి పిలుస్తున్నావు?"

"నేను పాపనే పిలిచాను తాతయ్యగారూ" అంది బోరం. "పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలుస్తానా?"

గదిలోంచి పాప పలకలేదు.

"వస్తున్నా" అంది అమ్మ.